పప్పు మాడి పది రోజులైంది, ఇంట్లో కమురు పోవడం లేదు

ప్రశ్న: మాది గుంటూరు. బ్రాడీపేటలో రెండు పడకగదుల అద్దె ఫ్లాటు, రెండో అంతస్తు. పది రోజుల కిందట మా అత్తగారు కుక్కర్‌లో కందిపప్పు పెట్టి హాల్లో కూర్చున్నారు. నీళ్లన్నీ ఇగిరిపోయి పప్పు బొగ్గయిపోయింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లంతా పొగ. "విజిల్ రాలేదమ్మా, వస్తే కట్టేద్దామనే కూర్చున్నాను" అంటారావిడ. మావారు నమ్మడం లేదు, మతిమరుపంటున్నారు. ఆ రోజు నుంచి కిటికీలు తీసే ఉంచుతున్నాం. అగరొత్తులు, సాంబ్రాణి, రూమ్ ఫ్రెష్‌నర్ అన్నీ అయ్యాయి. నిమ్మతొక్కలు, లవంగాలు మరిగించాను. అయినా పొద్దున్నే పడకగది తలుపు తీసి వంటింట్లోకి వెళ్తే అదే కమురు. వాన పడిన రోజు మరీ ఎక్కువ. రెండు వారాల్లో వరలక్ష్మీ వ్రతం ఉంది, ఆడపడుచులిద్దరూ పిల్లలతో వస్తారు. ఇంటికి రంగులు వేయించక తప్పదా? ఈ గొడవలో అత్తగారు వంటింట్లోకి రావడమే మానేశారు. అసలు అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు రెండు మాటలు చెప్పేస్తాను. మీకు రంగులు వేయించే అవసరం బహుశా రాదు. రెండోది, విజిల్ రాలేదని మీ అత్తగారు చెప్పిన మాట నిజమయ్యే అవకాశం చాలా ఉంది. అదెలాగో కుక్కర్ దగ్గరికి వచ్చినప్పుడు వివరంగా చెబుతాను.

మీరు పది రోజులుగా గాలి మీద యుద్ధం చేస్తున్నారు. ఆ రోజు గాలిలో ఉన్న పొగ ఆ రాత్రికే బయటికి వెళ్లిపోయి ఉంటుంది. ఇప్పుడు మీకు తగులుతున్నది గోడల మీద, అలమరల మీద, గుడ్డల్లో దిగిపోయి కొద్దికొద్దిగా బయటికి వస్తున్న వాసన. కుక్కర్‌లో నీళ్లున్నంతసేపూ వేడి ఒక హద్దులో ఉంటుంది. నీళ్లు ఇగిరిపోగానే అడుగు వేడి ఎక్కడికో పోతుంది, పప్పులోని మాంసకృత్తులూ పిండిపదార్థమూ మాడి విడిపోతాయి. అప్పుడు వచ్చే పొగ మామూలు ఆవిరి కాదు. కంటికి విడివిడిగా కనపడనంత సన్నటి జిగురు తుంపరలు అందులో ఉంటాయి. వేడికి అవి పైకి లేచి, సీలింగు కింద పరుచుకుని, తలుపులు తీసి ఉన్న ప్రతి గదిలోకీ వెళ్లి, చల్లగా ఉన్న చోటల్లా అంటుకుంటాయి. మన వంటిళ్లలో ఏళ్ల తరబడి పోపులు వేసి, వేపుళ్లు చేసి, సన్నటి నూనె జిడ్డు పొర ఎలాగూ ఉంటుంది. ఈ వాసనలకి జిడ్డంటే ఇష్టం. అందులో కరిగి కూర్చుంటాయి.

అందుకే కిటికీలు తీసినంతసేపు బాగుంటుంది, రాత్రంతా మూసి పొద్దున్నే చూస్తే మళ్లీ మొదటికి వస్తుంది. వాన పడితే ఎక్కువవడానికీ కారణం ఉంది. గాలిలో తేమ పెరిగినప్పుడు ఆ నీటి ఆవిరి గోడలోకీ గుడ్డలోకీ చేరి, అక్కడ పట్టుకుని ఉన్న వాసనను బయటికి నెడుతుంది. తొలకరికి మట్టి వాసన లేచినట్టే ఇదీను. కాబట్టి మీరు చేయవలసింది కడగడం. సువాసన అద్దడం కాదు.

సాంబ్రాణి ప్రస్తుతానికి ఆపేయండి. నాకూ సాంబ్రాణి అంటే ప్రాణం, శుక్రవారం సాయంత్రం ఆ పొగ లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు. కానీ అది కూడా పొగే. దానిలోని బంక కూడా తుంపరలై అదే గోడకి, అదే కర్టెన్‌కి అంటుకుంటుంది. మాడు వాసన మీద ఇంకో పొర వేసినట్టవుతుంది. అగరొత్తులదీ అదే సంగతి. రూమ్ ఫ్రెష్‌నర్ కాసేపు ముక్కును మరిపిస్తుంది, అంతే. నిమ్మతొక్కలు మరిగించడం వల్ల మీ వంటింట్లో తేమ పెరిగింది, అది మీకు ఎదురు తిరిగింది.

పులుపు వాసనల్ని చంపుతుందన్న నమ్మకం చేపల దగ్గర నిజం. నీచు వాసన క్షార గుణం ఉన్నది, చింతపండో నిమ్మకాయో తగిలితే అణుగుతుంది. మాడిన వాసన ఒక్క పదార్థం కాదు, పదుల రకాల కలగలుపు. దానికి ఒక్క నిమ్మకాయ, ఒక్క ఉల్లిపాయ ముక్క, గిన్నెడు వెనిగర్ మందు కావు. ఫోన్లో చూపించే అర నిమిషం చిట్కాల మీద నాకు కోపం ఇందుకే. అలిసిపోయి ఉన్న ఇల్లాలికి అవి ఇంకో రోజు వృథా చేయిస్తాయి. వెనిగర్‌లో వంట సోడా కలిపి బుసబుస పొంగించడం కూడా దండగ, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. బ్లీచింగ్ పౌడర్‌నో బ్లీచ్ ద్రవాన్నో బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌తో గానీ వెనిగర్‌తో గానీ ఎన్నడూ కలపవద్దు. క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. ఓజోన్ యంత్రం పెడితే వాసన పోతుందని ఎవరైనా చెబితే అదీ వద్దు. మనుషులున్న ఇంట్లో ఓజోన్ మంచిది కాదు.

గుంటూరు వాళ్లం కాబట్టి ఇంకో మాట. పోపులో ఎండుమిరపకాయలు మాడి ఇల్లంతా దగ్గు పట్టినా, కిటికీలు తీస్తే కాసేపటికి సర్దుకుంటుంది కదా, మరి ఇదెందుకు పోదని మీకు అనిపించవచ్చు. మిరప ఘాటుకి మూలమైన కాప్సైసిన్‌కి వాసన లేదు. అది ముక్కునీ గొంతునీ మండిస్తుంది. గాలిలోని తుంపరలు బయటికి పోతే మంటా పోతుంది. పప్పు మాడినప్పుడు పుట్టినవి అలా కాదు, చాలా తక్కువ మోతాదులో ఉన్నా ముక్కు కనిపెట్టేస్తుంది.

ఇక కుక్కర్. దాన్ని ఏం చేశారో మీరు రాయలేదు. చాలామంది మాడిన కుక్కర్‌లో నీళ్లు పోసి, తర్వాత తోముదామని గట్టు కింద పెడతారు. అలా ఉంటే మీ ఇంట్లో వాసన పుట్టేది అక్కడే. ఈ రోజే దాన్ని బయటికి తీయండి. మాడు గీరడానికి ముందు గోరువెచ్చటి ఉప్పునీళ్లతో ఒక రాత్రి నానబెట్టి, చెక్క గరిటెతో లేపండి. స్టీలు కుక్కరైతే నీళ్లలో ఒక చెంచా చాకలి సోడా వేసి పావుగంట మరిగిస్తే మాడు పెచ్చులుగా వస్తుంది. అల్యూమినియం కుక్కరైతే సోడా జోలికి పోవద్దు, అది లోహాన్ని తినేసి నల్లగా చేస్తుంది. దానికి చింతపండు నీళ్లు మరిగించడమే సరి. ఊడొచ్చిన మాడును సింకులో పారబోయకండి. కాగితంలో చుట్టి అదే పూట బయటి చెత్తలో వేయండి. ఇప్పటికే సింకులో పోసి ఉంటే ఆ గొట్టం వంపులో అది నిలిచి ఉంటుంది. గిన్నెల సబ్బు కలిపిన వేడి నీళ్లు నిండుగా పోయండి, వీలైతే కింద ఆ వంపు గిన్నెను విప్పి కడగండి.

కుక్కర్ శుభ్రమయ్యాక మూత చూడండి. రబ్బరు గాస్కెట్‌ని చేతిలోకి తీసుకుని వాసన చూస్తే చాలా విషయం తెలుస్తుంది. ఒకసారి అంత వేడి తగిలిన రబ్బరు ఆ కమురును వదలదు, ఎన్నిసార్లు కడిగినా ప్రతి వంటలో తిరిగి వదులుతుంది. పారేసి కొత్తది వేయండి. సేఫ్టీ వాల్వ్ కూడా మార్చాలి. నీళ్లు లేకుండా కుక్కర్ వేడెక్కితే కరిగిపోయేలా దాన్ని చేస్తారు, ఒకసారి ఆ వేడి చూసిన వాల్వ్‌ని నమ్మకూడదు. అడుగు ఉబ్బినా, మూత సరిగ్గా కూర్చోకపోయినా ఆ కుక్కర్‌తో ఇక వంట వద్దు. పిడి నల్లబడి ఉంటే దాన్ని కూడా విడిగా వాసన చూడండి. ఆ నల్లటి పిడుల బేకలైట్ కాలితే వచ్చే ఘాటు పప్పు మాడిన దానికంటే మొండిది. చాలా ఇళ్లలో పోదు పోదు అనుకునేది అదే.

ఇప్పుడు మీ అత్తగారి మాట. కుక్కర్ విజిల్ వేయాలంటే లోపల ఆవిరి ఒత్తిడి కట్టాలి. గాస్కెట్ గట్టిబడి, సాగి, ఎక్కడో ఒక పక్క వదులైతే ఆవిరి మూత అంచు నుంచి సన్నగా పోతూనే ఉంటుంది. ఒత్తిడి కట్టదు, విజిల్ రాదు. నీళ్లు మాత్రం మామూలు గిన్నెలో లాగా ఇగిరిపోతూ ఉంటాయి. విజిల్ లెక్కపెట్టి పొయ్యి కట్టేయడం నలభై ఏళ్లుగా అలవాటైన మనిషి ఆ విజిల్ కోసమే కూర్చుంటుంది. వాళ్ల తప్పేముంది? మీ పాత గాస్కెట్ పారేసే ముందు దాన్ని వంచి చూడండి. పగుళ్లు ఉంటే, ముట్టుకుంటే చెక్కలా తగిలితే, లేదా ఆ రోజుకి ముందు కొన్నాళ్లుగా కుక్కర్ అంచున నీళ్లు చిమ్ముతున్నట్టు మీకు గుర్తుంటే, ఆ రబ్బరును మీవారి చేతిలో పెట్టండి. ఆయన ఆ మాట వెనక్కి తీసుకుని, అమ్మగారి దగ్గరికి వెళ్లి స్వయంగా చెప్పాలి. మీరు మధ్యవర్తిగా చెబితే సరిపోదు. ఇది వాసన కంటే ముందు తేలవలసిన విషయమని నా నమ్మకం. పెద్దవాళ్లు ఒకసారి వంటింటి గడప దగ్గర ఆగిపోతే మళ్లీ లోపలికి రావడం కష్టం.

తర్వాత చిన్న చిన్న దొంగలు. గిన్నెలు దించే మసిగుడ్డ. పొగ రోజున అక్కడే వేలాడి ఉంటుంది, దాన్ని ఉతకడం కూడా వద్దు, పారేయండి. గిన్నెలు తోమే పీచు, స్పాంజి కొత్తవి పెట్టండి. చీపురు వంటింట్లోనే ఉంటే అది కూడా. దేవుడి గూట్లో వత్తుల పొట్లం చూడండి. దూది కదా, పొగను బాగా పీల్చుకుంటుంది. ఆ వత్తులతో దీపం పెడితే ఆ కమురే వస్తుంది, పాపం మీరు నూనెను అనుమానిస్తారు.

ఇవన్నీ అయ్యాక అసలు పని, తుడవడం. దీనికి ఒక ఆదివారం పెట్టుకోండి. మీవారు, మీరు ఇద్దరూ కలిసి చేస్తే మధ్యాహ్నానికి అవుతుంది. సగం బకెట్ గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల చాకలి సోడా, కొంచెం గిన్నెల సబ్బు కలపండి. చాకలి సోడా జిడ్డును విరుస్తుంది, మాడు పొగలో ఉండే కొన్ని పుల్లటి పదార్థాలను కూడా అణుస్తుంది. చేతులకు గ్లౌజులు తప్పనిసరి, లేకపోతే తోలు పగులుతుంది. ఈ నీళ్లను టైల్స్ మీద, గట్టు మీద, పొయ్యి చుట్టూ, సన్‌మైకా అలమర తలుపుల మీద వాడండి. అల్యూమినియం కిటికీ చట్రాలకీ, పాలిష్ చెక్కకీ సోడా లేకుండా ఉత్త సబ్బునీళ్లే. నీళ్లు రంగు మారగానే పారబోసి కొత్తవి కలపండి. మురికి నీళ్లతో తుడిస్తే వాసనను ఒక చోట నుంచి ఇంకో చోటికి పులమడమే అవుతుంది. చివర్లో మామూలు నీళ్లతో ఇంకోసారి తుడిచి పొడిగుడ్డతో ఒత్తండి.

ఎక్కడ తుడవాలన్నది ఎలా తుడవాలన్న దానికంటే ముఖ్యం. కంటికి ఎదురుగా ఉన్నవి అందరూ తుడుస్తారు. పొగ పైకి పోయింది కాబట్టి పై భాగాలే మీ శత్రువులు. ఫ్యాను రెక్కల పైవైపు, ట్యూబ్‌లైట్ పట్టీ, తలుపుల పై అంచులు, ఫ్రిజ్ నెత్తిన, అలమరల నెత్తిన, అటక అంచు, కర్టెన్ రాడ్డు, గోడ గడియారం వెనక, పటాల అద్దాల మీద, కిటికీకి వేసిన దోమల మెష్. ఆ మెష్‌ని విప్పి బాత్‌రూమ్‌లో పడుకోబెట్టి బ్రష్‌తో రుద్దితే కారే నీళ్ల రంగు చూసి మీకే ఆశ్చర్యం వేస్తుంది. స్విచ్‌బోర్డులు తుడిచేటప్పుడు మెయిన్ ఆపి, బాగా పిండిన గుడ్డతో మాత్రమే. ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలు, దాని చట్రం జిడ్డుతో నల్లగా ఉండి ఉంటాయి. కరెంటు తీసి, విప్పించి కడిగించండి. చిమ్నీ ఉంటే దాని జాలీలను సోడా కలపని వేడి సబ్బునీళ్లలో నానబెట్టండి. గొట్టం బయటికి లేకుండా గాలిని తిరిగి వంటింట్లోకే వదిలే రకం చిమ్నీ అయితే అందులో బొగ్గు ఫిల్టర్ ఉంటుంది. అది కడిగితే బాగుపడదు, మార్చాల్సిందే.

గుడ్డల సంగతి. కర్టెన్లు, సోఫా కవర్లు, దిండు గలేబులు, దుప్పట్లు, డోర్‌మ్యాట్లు, పొగ రోజున బయట కొక్కేలకు వేలాడిన బట్టలు, అన్నీ ఉతకాలి. ఏవి ఉతకాలో, ఏవి అక్కర్లేదో తెలియకపోతే ఒక పరీక్ష ఉంది. అనుమానం ఉన్నదాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి గంటసేపు ఎండలో ఉంచి, విప్పగానే వాసన చూడండి. దాచుకున్నది బయటపడుతుంది. ఈ పరీక్షకు ముందు మీరు ఒక పావుగంట డాబా మీదకో వీధిలోకో వెళ్లి రావాలి. ఇంట్లోనే ఉన్న ముక్కు ఆ వాసనకు అలవాటు పడి చెప్పడం మానేస్తుంది. పక్క ఫ్లాటు వాళ్లను పిలిచి ఏ గదిలో ఎక్కువుందో అడగడం ఇంకా మంచిది. దీంట్లో మొహమాటం అక్కర్లేదు.

పరుపులూ దిండ్లూ ఉతకలేం. మనకు ఎండ ఉంది. శ్రావణమైనా వానకీ వానకీ మధ్య గుంటూరు ఎండ చురుక్కుమంటూనే ఉంటుంది. ఆకాశం తెరిపిచ్చిన రోజు పొద్దున్నే బూరుగుదూది పరుపైతే డాబా మీద వేసి, రెండు వైపులా తిప్పి, కర్రతో దులిపి, ఎండ దిగకముందే వేడి మీద లోపలికి తెచ్చేయండి. సాయంత్రం దాకా ఉంచితే తేమ పడుతుంది. ఫోమ్ పరుపును ఎక్కువసేపు మండుటెండలో పెట్టకూడదు. దాని మీదా, సోఫా మీదా వంట సోడా పల్చగా చల్లి, రాత్రంతా ఉంచి, మర్నాడు వ్యాక్యూమ్‌తోనో మెత్తటి బ్రష్‌తోనో తీసేయండి. పట్టుచీరలు బీరువాలో మూసి ఉంటే వాటికి ఏమీ పట్టి ఉండదు. పట్టి ఉంటే నీడలో, ఫ్యాను గాలికి మడత విప్పి ఆరేయండి. ఎండలో వద్దు, సెంటు చల్లడం అసలు వద్దు.

గాలి దారి గురించి కాస్త శ్రద్ధగా చదవండి. అన్ని కిటికీలూ బార్లా తీస్తే గాలి బాగా ఆడుతుందనుకుంటాం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినప్పుడు దాని పక్క కిటికీ తీసి ఉంటే, ఆ ఫ్యాన్ పక్క కిటికీ నుంచి వచ్చిన గాలినే తిరిగి బయటికి పంపుతుంది. హాలూ పడకగదులూ అలాగే ఉండిపోతాయి. వంటింటి కిటికీ మూసేసి ఎగ్జాస్ట్ వేయండి, దానికి దూరంగా ఉన్న పడకగది కిటికీ ఒక్కటి తీయండి. అప్పుడు గాలి ఇల్లంతా దాటుకుంటూ పోతుంది. దూరపు కిటికీ దగ్గర ఒక సన్నటి కాగితం ముక్క పట్టుకుంటే అది లోపలికి వాలుతుందో లేదో చూసి దారి సరిగ్గా ఉందని తెలుసుకోవచ్చు. ఎగ్జాస్ట్ లేకపోతే టేబుల్ ఫ్యాన్‌ను వంటింటి కిటికీకి ఆనించి, మొహం బయటికి పెట్టండి. చాలామంది లోపలికి పెడతారు. అపార్ట్‌మెంటుల్లో వంటిళ్లన్నీ ఒకే డక్ట్‌లోకి తెరుచుకుంటే పక్కవాళ్ల పోపు మీ ఇంట్లోకి రావడం మామూలే, కాబట్టి వాళ్లు వంట చేసే వేళ తప్పించండి. అందరికన్నా ముందు, తెల్లవారుజామున బయట చల్లగా, లోపల వెచ్చగా ఉన్నప్పుడు గాలి బాగా మారుతుంది.

ఇంకో ఉపాయం కూడా పనిచేస్తుంది. తుడవడం పూర్తయ్యాక ఎండ కాసిన మధ్యాహ్నం కిటికీలు మూసి ఇల్లు రెండు గంటలు వేడెక్కనివ్వండి. వేడికి మిగిలిన వాసన త్వరగా లేస్తుంది. అప్పుడు ఇందాక చెప్పిన దారిలో గాలి నడిపించండి. అత్తగారిని ఆ రెండు గంటలూ పక్కింట్లో కూర్చోబెట్టండి, ఆ ఉక్కలో ఆవిడ ఉండనక్కర్లేదు. వాన పడే రోజున మాత్రం కిటికీలు తీయడం కన్నా, ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో వేసి తేమ తగ్గించడమే మేలు.

అయితే ఏసీని కడిగించాకే వేయాలి. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు. గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. పొగ రోజున అది నడిచి ఉంటే ఫిల్టర్లలోనూ లోపలి కాయిల్ మీదా ఆ జిగురు చేరి ఉంటుంది. ఫిల్టర్లు మీరే కడగవచ్చు, కాయిల్ మెకానిక్ చేత కడిగించండి.

వంటింటి డబ్బాలు కూడా ఒకసారి తెరిచి చూడండి. పిండి, కాఫీ పొడి, టీ పొడి, మూత వదులుగా ఉన్న నూనె పాత్ర, నెయ్యి గిన్నె వాసనల్ని పీల్చుకుంటాయి. కాఫీలో కమురు తగులుతుంటే పాలను అనుమానించకముందు పొడి వాసన చూడండి. ఫ్రిజ్‌లో మూత లేకుండా ఉన్న పెరుగు, వెన్న ఉంటే తీసేయండి. మిగిలిన కాస్త వాసనకు యాక్టివేటెడ్ కార్బన్ సంచులు బాగా పనిచేస్తాయి. వాటిలో ఒక గ్రాము బొగ్గుకే వందల చదరపు మీటర్ల లోపలి ఉపరితలం ఉంటుంది, వాసనలు వెళ్లి దానికి అతుక్కుంటాయి. కొబ్బరి చిప్పల నుంచి కూడా ఆ బొగ్గును చేస్తారు. కుంపటి బొగ్గులు అంత పని చేయవు. అలమరలూ ఫ్రిజ్ లాంటి మూసిన చోట్ల పెడితేనే ఫలితం. హాలు మధ్యలో ఒక గిన్నెలో పెట్టి ఇల్లంతా బాగుపడాలంటే కాదు.

ఇంత చేశాక కూడా వాసన ఉంటే అప్పుడు గోడల గురించి ఆలోచిద్దాం. మీ గోడలకు ప్లాస్టిక్ ఎమల్షన్ ఉంటే సబ్బునీళ్ల గుడ్డతో నిరభ్యంతరంగా తుడవవచ్చు. ముందు పొడిగుడ్డతో మసి దులిపి, తర్వాత కింద నుంచి పైకి తడిగుడ్డ వేయాలి. పై నుంచి మొదలుపెడితే కారిన చారలు పొడి గోడ మీద మరకలై నిలుస్తాయి. డిస్టెంపర్ గానీ సున్నం గానీ అయితే తడి తగిలితే అట్టలు అట్టలుగా లేస్తుంది, వాటిని పొడిగా దులపడమే. గోడ నిజంగా పొగచూరి, పసుపు నీడలు కనిపిస్తే పొయ్యి పైన ఉన్న సీలింగు ముక్క, ఆ ఒక్క గోడ వరకు రంగు వేయించండి. ఇల్లంతా అక్కర్లేదు. అప్పుడైనా మామూలు రంగు నేరుగా వేస్తే కొన్నాళ్లకు వాసన, మరక రెండూ పైకి వస్తాయి. ముందు మరకలను లోపలే మూసే ఆయిల్ ప్రైమరో షెల్లాక్ ప్రైమరో వేయమని పెయింటర్‌కి చెప్పండి. అద్దె ఇల్లు కాబట్టి ఓనర్‌ని అడిగి చేయించండి.

మీ అత్తగారి గురించి ఒక ప్రశ్న మిగిలింది. హాల్లో ఉండగా మాడు వాసన ఆవిడకు ఎప్పుడు తెలిసింది? పొగ కనపడ్డాకే తెలిసిందంటే అది పట్టించుకోవలసిన సంగతి. వయసు పైబడిన కొద్దీ చాలామందికి ముక్కు మందగిస్తుంది, కళ్లలాగా చెవుల్లాగా దాని గురించి ఎవరూ అడగరు కాబట్టి వాళ్లకే తెలియదు. కూరలో ఉప్పూ కారం తగ్గాయంటున్నారా, ఈ మధ్య తిండి రుచించడం లేదంటున్నారా గమనించండి. పరీక్ష పెట్టినట్టు కాకుండా, పోపు డబ్బా సర్దే పనిలో కూర్చోబెట్టుకుని లవంగం, ఇంగువ, కాఫీ పొడి కళ్లు మూసుకుని చెప్పగలరేమో ఆటలా చూడండి. చెప్పలేకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. వినికిడి కూడా అదే రోజు చూపించవచ్చు, హాల్లో టీవీ మోతలో విజిల్ వినపడకపోవడం కూడా ఉంటుంది. మందులు వేసుకోవడం, మనుషుల పేర్లు, తేదీలు కూడా తరచూ మర్చిపోతుంటేనే మీవారి అనుమానానికి అర్థం ఉంది. అప్పుడు ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాలి. బీ12 లోపం, థైరాయిడ్ లాంటి సరిచేయగలిగినవి కూడా మతిమరుపును తెస్తాయి. గాస్కెట్ పాడైనందుకు ఆవిడకు ఆ పేరు పెట్టడం మాత్రం అన్యాయం.

ముక్కు మందగించిందని తేలితే గ్యాస్ విషయంలో జాగ్రత్త పెరగాలి. వంట గ్యాస్‌కి సహజంగా వాసన ఉండదు. లీకైతే మనకు తెలియాలని అందులో మెర్‌కాప్టాన్ అనే ఘాటు వాసన పదార్థం కలుపుతారు. ఆ వాసన అందని మనిషి పగలంతా ఒంటరిగా ఇంట్లో ఉంటే గ్యాస్ లీక్ అలారం పెట్టించడం అవసరం. సిలిండర్‌లో వచ్చే వంట గ్యాస్ గాలి కంటే బరువు, కిందనే పేరుకుంటుంది కాబట్టి ఆ అలారాన్ని నేలకు దగ్గరగా బిగించాలి. పొగ అలారం దానికి విరుద్ధంగా సీలింగుకి. లీకు అనుమానం వస్తే స్విచ్‌లు ముట్టకుండా రెగ్యులేటర్ ఆపి, తలుపులు తీసి బయటికి వచ్చి గ్యాస్ లీకు అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయాలని ఆ నంబరు పెద్ద అక్షరాలతో తలుపు మీద అంటించండి. ఇకపై కుక్కర్ పెట్టినప్పుడు విజిల్ మీద మాత్రమే ఆధారపడకుండా, గంట మోగే వంటింటి టైమర్ ఒకటి ఆవిడ పక్కన పెట్టండి. పది నిమిషాల్లో విజిల్ రాకపోతే లేచి చూడాలన్నది ఇంట్లో అందరికీ నియమం, మీకూ మీవారికీ కూడా. మళ్లీ ఎప్పుడైనా నీళ్లు లేని కుక్కర్ కనపడితే పొయ్యి ఆపి అలాగే వదిలేయండి. కంగారులో దాని మీద చన్నీళ్లు పోయవద్దు, చల్లారేదాకా మూత తీయవద్దు.

వ్రతం నాడు బూరెలూ గారెలూ ఉంటాయి, నూనె మూకుడు చాలాసేపు పొయ్యి మీద ఉంటుంది. ఎగ్జాస్ట్‌ను మూకుడు పెట్టకముందే వేసి, దించాక కూడా పావుగంట తిరగనివ్వండి. పడకగదుల తలుపులు మూసి ఉంచండి. నూనె పొగలు రావడం మొదలుపెడితే మంట తగ్గించండి, కళ్లు మండించే ఆ పొగే మళ్లీ గోడల మీద జిడ్డయ్యేది. పూర్ణానికి శనగపప్పు ఉడికించే పని మీ అత్తగారికే అప్పజెప్పండి. బూరెల పప్పు మెత్తగా ఉడకాలే గానీ ముద్ద కాకూడదు, అందుకని కుక్కర్‌లో కాకుండా విడిగా గిన్నెలోనే ఉడికించడం మంచిది, అది ఎప్పుడు దించాలో ఆవిడకు తెలిసినంతగా మీకూ నాకూ తెలియదు.